శబ్దదాత

పురాతన వాహన శబ్ద నిర్ధారణ సంఘం వారి ప్రథమ వార్షిక మహాసభ అత్యంత జయప్రదంగా ముగిసిందనీ, శబ్దం మాత్రం ఇంకా నిర్ధారణ కాలేదనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. రెండోది జరగలేదు కాబట్టే మొదటిది జరిగిందన్న సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. తెలియనివాళ్ల కోసం ఈ కథ.

ఆ శబ్దం చేసిన కారు ఒక విశ్రాంత ఉద్యోగిది. నీటిపన్నుల కార్యాలయంలో పనిచేసినన్నాళ్లూ ఆయన్ను అందరూ సరేనండిగారు అనేవారు. అసలు పేరు కూడా ఒకటి ఉండేది కాని, దాన్ని ఎవరూ పైకి పలికిన దాఖలా లేదు. పై అధికారి పట్టపగలు లైటు వెయ్యమంటే ఈయన "సరేనండి" అనేవారు. పట్టపగలు లైటెవడు వేశాడని అదే అధికారి కేకలేస్తే మళ్లీ "సరేనండి" అనేవారు. ఇంత విలువైన మనిషిని ఏ కార్యాలయం వదులుకుంటుంది? వయసు వచ్చింది కాబట్టి వదులుకుంది. వీడ్కోలు సభలో వక్తలందరూ ఆయన మితభాషిత్వాన్ని పోటీలు పడి పొగిడారు. ఎంతగా పొగిడారంటే, చివర్న ఆయన్ను రెండు మాటలు మాట్లాడమనడం మరిచిపోయి కుర్చీలు మడిచేశారు.

ఉద్యోగం అయిపోయాక ఆయన జీవితంలో మొదటిసారి ఎవరూ చెప్పని పని ఒకటి చేశారు. ఒక పాతకాలపు కారు కొన్నారు. గుండ్రటి దీపాలు, బలిసిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, ముందువైపు పళ్లికిలించినట్టుండే ఇనుప జాలీ. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కారుకు ఆ సంగతి తెలిసినట్టు లేదు, నడుస్తూనే ఉంది.

భార్య అడ్డు చెప్పలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టింది.

"మొదటి ప్రయాణం మా అక్కయ్యావాళ్లింటికి. గుమ్మం ముందు ఆ కారు ఆగాలి, నేను దిగాలి, బావగారు చూడాలి."

దీనికో కారణం ఉంది. కొత్తగా పెళ్లయిన రోజుల్లో బావగారు ఒకసారి వీళ్లిద్దర్నీ తన కారెక్కించుకున్నాడు. దిగేటప్పుడు ఈవిడ తలుపు కాస్త గట్టిగా వేసింది. "మెల్లగా వెయ్యమ్మా, ఇది కారు, బీరువా కాదు" అన్నాడాయన. ఆ మాట ఆవిడ మనసులో ఇన్నేళ్లూ ముల్లులా ఉండిపోయింది. తన సొంత కారు తలుపు, బావగారి కళ్లెదుట, తన ఇష్టమొచ్చినంత గట్టిగా వెయ్యాలన్నది ఆవిడ కోరిక. ఇంతకంటే న్యాయమైన కోరిక మేమెక్కడా వినలేదు.

సంచులు సర్దుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని, ఒక మంచి ఉదయం బయల్దేరారు. వీధి మలుపు తిరుగుతుండగా ముందువైపు నుంచి వినిపించింది.

కిటకిటకిట... టంగ్.

సరేనండిగారు బ్రేకు వేశారు. "విన్నావా?"

"విన్నాను. పోనివ్వండి."

"ఇంజన్లో ఏదో..."

"కారన్నాక చప్పుడు చెయ్యదా? మీరు రోజూ గురకపెట్టడం లేదూ? అయినా పొద్దున్నే లేస్తూనే ఉన్నారుగా."

ఆయన కారు వెనక్కి తిప్పారు. సంచులు మళ్లీ లోపలికి వెళ్లాయి. ఫ్లాస్కులో టీ ఇంట్లోనే తాగారు.

మొదట మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. అతను ఇంజన్లో ఒక్కో భాగమే విప్పి చూశాడు. విప్పిన ప్రతిదీ నిర్దోషి అని తేలింది. నిర్దోషులన్నిటినీ మార్చేశాడు. కొత్త భాగాలతో కారు మరింత హుషారుగా కిటకిటలాడింది. ఆఖరికి మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఇది జబ్బు కాదు సార్, గుణం. గుణానికి నా దగ్గర స్పేర్ పార్టు లేదు" అన్నాడు. ఆ వృత్తిలో ఇంతటి నిజాయితీ అరుదు కాబట్టి దానికీ కొంత పుచ్చుకున్నాడు.

ఆ ఆదివారం సరేనండిగారు గేటు ముందు కారు నిలిపి, బానెట్ ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని లోపలికి చూస్తూ నిలబడ్డారు. బానెట్ ఎత్తిన కారును దాటుకుని తన దారిన తాను పోగల మగవాడు ఇంకా పుట్టలేదు. ముందుగా ఆగినవారు పక్కవీధి విశ్రాంత న్యాయమూర్తి. ఉదయపు నడకకు చేతికర్రతో వచ్చినవారు, ఆ కర్రతోనే రేడియేటర్‌ను ఒకసారి తట్టి విచారణ ప్రారంభించారు.

"శబ్దమన్నది సాక్షి లాంటిదండీ. మొదటిసారి చెప్పినప్పుడు నమ్మకూడదు. మళ్లీ మళ్లీ చెప్పించాలి."

తర్వాత ఆగింది పళ్ల డాక్టరు. జేబులోంచి తన చిన్న అద్దం తీసి ఇంజన్ సందుల్లోకి పెట్టి చూశాడు. "నొప్పి పైన అనిపిస్తుంది, జబ్బు కింద ఉంటుంది. అన్నీ పీకితే గాని అసలుది బయటపడదు" అన్నాడు. ఆ మాట ఆయన నోట రోజూ వచ్చేదే కాబట్టి చాలా ధీమాగా వచ్చింది. మూడోవారు సంగీతం మాష్టారు. కళ్లు మూసుకుని, వేళ్ల మీద లెక్కవేసి, "శ్రుతి నిలిచింది, తాళం తప్పింది. ఆ టంగ్ ఉందే, అది అరక్షణం ముందు పడాలి" అని తేల్చారు. తేల్చడమే కాదు, ఇంజన్‌కు ఒకసారి పాడి చూపించారు.

అప్పుడు న్యాయమూర్తి ఇంటి యజమాని వైపు తిరిగి, "ఇంతకీ మీకెలా వినిపిస్తుందండీ?" అని అడిగారు.

అడిగి ఊరుకోలేదు, జవాబు కోసం ఆగారు కూడా. ఈ వయసుదాకా సరేనండిగారిని ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగినవారు లేరు. గొంతు సవరించుకున్నారు. ఇనపడబ్బాలో గవ్వలు పోసి ఎవరో ఊపుతున్నట్టుంటుందన్నారు. ఆ ఊపేవాడికి కోపమొచ్చి డబ్బాను గోడకేసి కొట్టినట్టుంటుందన్నారు. ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుందన్నారు. పెద్దమనుషులు ముగ్గురూ తలలాడిస్తూ విన్నారు. టీ కప్పులతో వచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. తన భర్త రెండు చేతులూ గాల్లో తిప్పుతూ మాట్లాడుతున్నాడు. ఆ చేతులు అంత ఎత్తుకు లేస్తాయని ఆవిడకు అప్పటిదాకా తెలియదు.

మరుసటి ఆదివారానికి జనం పెరిగారు. ఆపై ఆదివారానికి కుర్చీలు వచ్చాయి. కుర్చీలు వచ్చాక సంఘం రాక తప్పదు. న్యాయమూర్తి అధ్యక్షులయ్యారు. పళ్ల డాక్టరు లోతు పరిశోధనకూ, సంగీతం మాష్టారు లయ విభాగానికీ ఉపాధ్యక్షులయ్యారు. సరేనండిగారికి ఏ పదవి ఇవ్వాలో తోచక కొంతసేపు తర్జనభర్జన జరిగింది. చివరికి "వ్యవస్థాపక శబ్దదాత" అన్నారు. ఆ రాత్రి ఆయనకు అన్నం సహించలేదు, సంతోషంతో.

సంఘం మొదటి తీర్మానం భాషకు సంబంధించినది. "చప్పుడు" అన్న పామరపదం రద్దయింది, ఇకపై "శబ్దము" అనే అనాలి. రెండో తీర్మానం ప్రకారం, సాక్ష్యం తారుమారయ్యే ప్రమాదముంది కాబట్టి నిర్ధారణ పూర్తయ్యేవరకూ కారు కదలరాదు. కదలని కారు చప్పుడు మీద, క్షమించాలి, శబ్దము మీద పరిశోధన చెయ్యడం ఇంకెక్కడా జరగలేదని, ఆ ఘనత మన వీధికే దక్కిందని అధ్యక్షులు చెప్పగా చప్పట్లు మోగాయి.

"మరి మా అక్కయ్యావాళ్లిల్లు?" అంది భార్య ఆ సాయంత్రం.

"పరిశోధన పూర్తి కానీ."

"ఎప్పటికి పూర్తవుతుంది?"

"తొందరపడితే శాస్త్రం దెబ్బతింటుందిట."

"నా మోకాళ్లు దెబ్బతింటున్నాయి. మెట్లెక్కలేని రోజొచ్చాక మా అక్కయ్య కొత్తిల్లు ఎలా చూస్తాను?"

శబ్దదాతగారు పేపరు తెరిచారు. ఇంట్లో ఆయన ఇప్పటికీ మితభాషే.

పరిశోధన ముమ్మరంగా సాగింది. చివర్న వచ్చేది "టంగ్" అని ఒక వర్గం, కాదు "టక్" అని ఒక వర్గం చీలిపోయి, పలకరింపులు మానేసి, కొన్నాళ్లకు "ట" వరకు ఉభయులూ అంగీకరిస్తూ రాజీపడ్డారు. వీధి చివర తగరపు డబ్బాలు అతికేవాడి దుకాణం ఆదివారాలు మూసెయ్యాలని ఉత్తర్వు వెళ్లింది. అతని శబ్దానికి కారణం అందరికీ తెలుసు కాబట్టి దానికి విలువ లేదన్నారు. శబ్దం లేని కార్లు ఎలా ఉంటాయో పోల్చి చూడటానికి పళ్ల డాక్టరు దూరదేశానికి సకుటుంబంగా వెళ్లొచ్చాడు. అక్కడి కార్లు బాగున్నాయనీ, సముద్రం ఇంకా బాగుందనీ నివేదించాడు. పురపాలకసంఘం నిధులిచ్చింది. అదే వీధిలో మంచినీటి గొట్టం పగిలి, నెలల తరబడి నీళ్లు ధారగా పోతూనే ఉన్నాయి. పాపం, అవి ఏ శబ్దమూ చేసేవి కావు.

మహాసభ దగ్గరపడింది. కారుకు ఇత్తడి ఫలకం బిగించాలని నిర్ణయించారు. "ఈ వాహనమునందే శబ్దము వినబడినది" అని అందమైన అక్షరాలు చెక్కించారు. ఎక్కడ బిగించాలన్నది సమస్య అయింది. ముందు బంపర్ మీద నంబర్ ప్లేటు ఉన్నచోటు బాగా కనిపిస్తుందన్నారు. ఎక్కడికీ వెళ్లని కారుకు నంబరెందుకు? ఒకే ఒక్క తుప్పుపట్టిన స్క్రూ మీద వేలాడుతున్న ఆ పాత ప్లేటును పీకి పక్కన పడేసి, ఆ స్థానంలో ఫలకాన్ని గట్టిగా బిగించి వెళ్లారు.

మర్నాడే మహాసభ. ఒకసారి సరిచూసుకుందామని సాయంత్రం శబ్దదాతగారు ఇంజన్ స్టార్ట్ చేశారు. ఇంజన్ మెత్తగా, తిన్న పిల్లి పడుకున్నట్టుగా గుర్రుమంది. అంతే. ఆయన చెవి దగ్గర పెట్టారు. యాక్సిలరేటర్ తొక్కారు. బతిమాలారు కూడా. కిట లేదు, టంగ్ లేదు.

తడిచేతులు తుడుచుకుంటూ భార్య బయటికొచ్చింది. ఒక నిమిషం విన్నది. గోడపక్కన పడున్న నంబర్ ప్లేటు తీసి, బంపర్‌కు ఒక కొస ఆనించి పట్టుకుంది.

కిటకిటకిట... టంగ్.

తీసింది. నిశ్శబ్దం. ఆనించింది. కిటకిటకిట... టంగ్.

"అయిందా?" అంది. "ఇక పదండి. రేపే మా అక్కయ్యావాళ్లింటికి."

"రేపు మహాసభ."

"మరీ మంచిది. ఈ రేకు పట్టుకెళ్లి అందరికీ చూపించి, చెప్పేసి రండి. ఇన్నాళ్లూ వెతికింది దొరికిందంటే సంతోషించరూ?"

ఆవిడ ఎప్పుడూ ఏ సంఘంలోనూ సభ్యురాలు కాదు. ఆ అమాయకత్వాన్ని పాఠకులు మన్నించాలి.

మహాసభకు కారును తోసుకుంటూ తీసుకెళ్లి వేదిక పక్కన నిలిపారు. శబ్దదాతగారు ప్లేటును గుడ్డసంచీలో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. చెప్పాల్సిన మాటలు దారిపొడుగునా వల్లె వేసుకున్నారు. అధ్యక్షులు మాట్లాడటానికి లేచారు.

"సోదర సోదరీమణులారా! ఈ శబ్దము దొరకకముందు మనమెవరం? ఒకరి గేటు ఒకరు చూడకుండా పోయే మనుషులం. ఈనాడు మనకు ఒక అన్వేషణ ఉంది, ఒక కార్యవర్గం ఉంది, త్వరలో ఒక సొంత భవనం కూడా ఉండబోతోంది! దీనికంతటికీ మూలపురుషులు మన శబ్దదాతగారు. కట్టబోయే భవనానికి వారి పేరే పెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది!"

పేరు పెట్టడానికి ఆయన పేరు ఎవరికీ తెలియక, ఆయన్నే అడిగి, అక్కడికక్కడే కనుక్కుని చదివారు. తన పేరు మైకులో, అంతమంది మధ్య, పూర్తిగా, ఇంటిపేరుతో సహా వినపడగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆపైన ఇంజన్ స్టార్ట్ చేసి, బానెట్ దగ్గర మైకు పెట్టారు. ఇంజన్ మెత్తగా గుర్రుమంటోంది. సభ ఊపిరి బిగబట్టింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరి చూపులూ చివరికి అధ్యక్షుల మీద ఆగాయి. అధ్యక్షులు కళ్లు మూసుకున్నారు.

"ఆహా!" అన్నారు. "ఇంత స్పష్టంగా ఇంతకుముందెన్నడూ వినలేదు."

"బాగా ముదిరింది," అన్నాడు పళ్ల డాక్టరు వెంటనే.

సంగీతం మాష్టారు కండువాతో కళ్లొత్తుకున్నారు. "ఇన్నాళ్లకు టంగ్ సరిగ్గా పడింది," అన్నారు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. వెనక వరసలవాళ్లు తమకు ఇంకా బాగా వినిపిస్తోందన్నారు.

"ఏమంటారు శబ్దదాతగారూ?" అన్నారు అధ్యక్షులు, మైకు అందిస్తూ. "వినిపిస్తోందిగా?"

ఆయన చెయ్యి సంచీలోకి వెళ్లింది. ప్లేటు అంచు వేళ్లకు చల్లగా తగిలింది. నోరు తెరిచారు. వల్లె వేసుకున్న మాటలన్నీ గొంతులో బారులు తీరి ఉన్నాయి. కాని అన్నిటికంటే అలవాటున్న మాట అన్నిటినీ తోసుకుని ముందుకొచ్చింది.

"సరేనండి."

ఇంటికి రాగానే భార్య అడిగింది. "చెప్పారా?"

"సందర్భం రాలేదు."

ఆవిడ ఆయన చేతిలో సభవాళ్లిచ్చిన జ్ఞాపికను చూసింది, సంచీలో ఉబ్బెత్తుగా ఉన్న రేకును చూసింది. మర్నాటి నుంచి అవసరమైన మాటలు మాత్రమే మాట్లాడింది. మితభాషిత్వం ఎదుటివాళ్లకు ఎలా ఉంటుందో ఆయనకు మొదటిసారి తెలిసొచ్చింది.

ఆయన చెడ్డవారేమీ కాదు. అబద్ధమాడి అన్నం తినగలిగేంత చదువు ఆయనకు లేదు. రెండు మూడు రోజులు మథనపడి ఒక ఉపాయం కనిపెట్టారు. ఆడిన అబద్ధాన్ని వెనక్కి తీసుకోలేకపోతే, దాన్ని నిజం చేసెయ్యవచ్చు కదా! ఇనుప జాలీ వెనకాల, ఎవరికీ కనపడకుండా, ఆ పాత ప్లేటును తీగతో వదులుగా కట్టారు. స్టార్ట్ చేస్తే కిటకిటకిట... టంగ్. అదే శబ్దం, అసలుసిసలు శబ్దం. ఆయన గుండెల మీంచి బరువు దిగిపోయింది.

ఆదివారం కార్యవర్గం సమావేశమైంది. ఇంజన్ స్టార్ట్ అయింది.

"ఏమిటీ గోల?" అన్నారు అధ్యక్షులు ఉలిక్కిపడి.

"ఇది మన శబ్దం కాదు," అన్నాడు పళ్ల డాక్టరు. "మనది లోతైనది. ఇదేదో రేకుల మోత."

సంగీతం మాష్టారు చెవులు మూసుకున్నారు. "అపస్వరం! అసలుదాన్ని వినపడకుండా చేస్తోంది!"

"అయ్యా, ఇదేనండి," అన్నారు శబ్దదాతగారు. "మొదట్నుంచీ ఇదేనండి."

ఎవరూ వినలేదు. పళ్ల డాక్టరు అద్దం తీశాడు. ఇన్నాళ్ల పరిశోధనలో ఆ అద్దానికి మొదటిసారి ఏదో కనపడింది. ప్లేటునూ తీగనూ బయటికి లాగి అధ్యక్షుల ముందు పెట్టాడు. అప్పుడిక దాచడానికేమీ లేక సరేనండిగారు జరిగినదంతా చెప్పేశారు. మొదటి చప్పుడు ఈ రేకుదేనన్నారు, ఫలకం బిగించిన రోజే అది పోయిందన్నారు. "ఆ రోజు సభలో ఏ శబ్దమూ లేదండి. మీకూ తెలుసు, నాకూ తెలుసు," అన్నారు. జీవితంలో ఆయన ఆడిన అతి పొడుగాటి నిజం అది.

ఉన్నమాటంటే ఉలుకెక్కువంటారు గాని, పెద్దమనుషులు ఉలకరు, విచారణ జరుపుతారు. అధ్యక్షులు అక్కడికక్కడే తీర్పు చెప్పారు. నకిలీ శబ్దాన్ని తయారుచెయ్యడం మొదటి నేరం. వేలమంది చెవులారా విన్న అసలు శబ్దాన్ని లేదనడం రెండో నేరం. దాత సభ్యత్వం రద్దు. భవనానికి పేరు అధ్యక్షులది పెట్టాలి. "శబ్దము సభ్యుల హృదయాలలో భద్రముగా ఉన్నందున ఇకపై పరిశోధనకు కారు అవసరము లేదు" అని మరో తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఫలకాన్ని విప్పుకుని, కుర్చీలు మోసుకుని, ఎదురింటి అరుగు మీదికి మారిపోయారు. అక్కడ శబ్దం ఇంకా బాగా వినిపిస్తోందని విన్నాం.

గేటు ముందు కారూ, నేల మీద రేకూ, మధ్యలో ఆయనా మిగిలారు. భార్య లోపల్నుంచి స్క్రూడ్రైవరు తెచ్చింది. అరిగిన చెప్పులోంచి రెండు రబ్బరు ముక్కలు కోసి, ప్లేటు వెనకాల పెట్టి, నాలుగు కొత్త స్క్రూలు బిగించింది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అంది. చాలా రోజుల తర్వాత ఆవిడ మాటలో నవ్వుంది. "సంచులు సర్దుతున్నాను."

దారి పొడుగునా కారు గాలిలా పోయింది. కిటికీలోంచి వచ్చే గాలికి ఆవిడ జుట్టు ఎగురుతుంటే, ఇన్నాళ్లు ఈ సుఖాన్ని కుర్చీలేసుకుని అడ్డుకున్నది తానేనని ఆయనకు సిగ్గేసింది. "ఇక జన్మలో సంఘాల జోలికి పోను" అన్నారు. ఆవిడ ఫ్లాస్కు మూత తీసి టీ పోసిచ్చింది.

అక్కయ్యగారి గుమ్మం ముందు కారు ఆగింది. బావగారు వరండాలోనే ఉన్నాడు. ఆవిడ దిగి, ఒక్క క్షణం ఆగి, ఇన్నేళ్ల బలమంతా కూడగట్టి తలుపు వేసింది. ఆ మోతకు చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి. అక్కాచెల్లెళ్లు నవ్వుకుంటూ లోపలికెళ్లారు. ఆవిడ వరకు కథ అక్కడితో సుఖాంతమే.

బావగారు వెనక చేతులు కట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. వంక పెట్టడానికేమీ దొరకలేదు. ఆయనకది మింగుడుపడలేదు.

"ఒకసారి స్టార్ట్ చెయ్యి తమ్ముడూ."

స్టార్ట్ చేశారు. బావగారు చెవి ఒగ్గి విన్నాడు, నుదురు చిట్లించాడు. "ఏమీ వినపడదే?"

"బాగుంది కదండీ, అన్నయ్యగారూ."

"అదే నా అనుమానం. ఇంత పాత కారు ఇంత నిశ్శబ్దంగా ఉండటం మంచి లక్షణం కాదు. లోపల ఏదో దాస్తోంది."

బానెట్ ఎత్తారు. ఎత్తిన బానెట్ చూసి పక్కింటి విశ్రాంత సర్వేయరు ఆగాడు, ఎదురింటి మందుల షాపాయన రోడ్డు దాటి వచ్చాడు. ముగ్గురూ తలలు వంచి, వినపడనిదాన్ని శ్రద్ధగా విన్నారు. ఇది ఇంజన్లోంచే రావట్లేదని ఒకరు, కాదు గేర్‌బాక్సులోంచి రావట్లేదని ఇంకొకరు అన్నారు. సర్వేయరు గౌరవంగా యజమాని వైపు తిరిగాడు.

"ఈ నిశ్శబ్దం ఎప్పట్నుంచండీ? మీకెలా వినపడటం లేదో కాస్త వివరంగా చెప్పండి."

అడిగి, జవాబు కోసం ఆగాడు. ఎవరో వరండాలోంచి కుర్చీ తెచ్చి వేశారు. కిటికీలోంచి భార్య కళ్లతోనే వద్దని చెప్పింది. ఆయన ఆ కళ్లను చూశారు, కుర్చీని చూశారు, జవాబు కోసం ఎదురుచూస్తున్న ముఖాలను చూశారు.

కూర్చున్నారు.

కిటికీ దగ్గర ఆవిడ, తమ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికని అక్కయ్యను అడిగింది.

పురాతన వాహన నిశ్శబ్ద నిర్ధారణ సంఘం పోయిన వారమే రిజిస్టరైంది. ఉపాధ్యక్ష పదవులు ఇంకా రెండు ఖాళీగా ఉన్నాయి. కారు ఉండాలన్న నిబంధన లేదు, చెవులు ఉండాలన్న నిబంధన అంతకన్నా లేదు. పక్కవాళ్ల ముఖం చూసి తలాడించడం వస్తే చాలు. ఇంతవరకూ చదివి, పాపం ఆ వీధివాళ్లు ఎంత వెర్రివాళ్లోనని నవ్వుకున్నవారికి ప్రాధాన్యం ఇవ్వబడుతుంది.